ఖాళీ బిళ్ళ

ఆ ప్రయోగశాలలో ఆమెను అందరూ తూనీగ అంటారు. ఆ పేరు మొదట ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు గానీ, ఒక్క పూట ఆమె పని చూసినవాళ్లు ఇంకో పేరు ఆమెకు నప్పదని ఒప్పేసుకుంటారు. తెల్లకోటు అంచులు వెనక రెక్కల్లా లేస్తుంటే కడుగుడు తొట్టి దగ్గర్నుంచి వెచ్చటి అలమర దగ్గరికి, అక్కణ్నుంచి కిటికీ వెలుతురులోకి, మధ్యలో ఏ కుర్చీ మీదా వాలకుండా తిరుగుతూ ఉంటుంది. వయసు నలభై దాటింది. ఆ సంగతి మోకాళ్లు అప్పుడప్పుడూ చెప్పబోతాయి. ఆమె వినిపించుకోదు.

ఆసుపత్రి వెనక పొడుగాటి భవనంలో పై అంతస్తు వాళ్లది. అక్కడికి ఎక్కడెక్కడి ఆకులో, బెరళ్లో, వేళ్లో సంచుల్లో వస్తాయి. వాటిని నూరి, నానబెట్టి, వడగట్టి, ఆ సారాన్ని గుండీ అంత కాగితపు బిళ్ళల మీద చుక్కలుగా వేసి ఆరబెడతారు. గాజు పళ్లెంలో పలచగా గడ్డకట్టిన జెల్లీ మీద, ఏ మందుకూ లొంగని మొండి బ్యాక్టీరియాను పూస్తారు. దాని మీద బిళ్ళలు పెట్టి, రాత్రంతా వెచ్చగా ఉంచితే తెల్లారేసరికి పళ్లెమంతా పాలపొగలా బ్యాక్టీరియా పరుచుకుంటుంది. ఆకులో సత్తువ ఉంటే మాత్రం దాని బిళ్ళ చుట్టూ పొగ రాదు. మేఘాల మధ్య చందమామ చోటు చేసుకున్నట్టు గుండ్రంగా, తేటగా ఓ వలయం మిగులుతుంది.

ఆ వలయం కోసమే తూనీగ బతుకు. చాలా పొద్దులు ఉత్త పొగే ఉంటుంది. తక్కినవాళ్లు మూతి ముడుచుకుని పళ్లేలు పారేయడానికి పంపిస్తారు. ఈమె మాత్రం ప్రతి ఉదయం అలమర తలుపు మీద చెయ్యి వేసేటప్పుడు, సెలవుల మొదటి రోజున కళ్లు తెరిచిన చిన్నపిల్లలా ఒక్క క్షణం ఊపిరి బిగబడుతుంది. పెళ్లయి, పిల్లలు బడికి వెళ్లే వయసొచ్చాక చదువుకుని ఈ పనిలో చేరిన మనిషి. ఆలస్యంగా దొరికిన పని కాబట్టి దాని మీద మోజు తీరలేదని ఇంట్లో అంటారు. తీరకూడదని ఆమె మొక్కుకుంటుంది.

ఈ ఉత్సాహం ఒకసారి పరువు తీసింది. చేరిన కొత్తలో ఒక పళ్లెం చూసి ఆమె వేసిన కేకకు అంతస్తంతా పరిగెత్తుకొచ్చింది. పెద్ద వలయం. అందరూ చేతులు కలిపారు. ప్రయోగశాల నడిపే మేడమ్ తీరిగ్గా వచ్చి, పళ్లెం కిటికీకేసి పట్టుకుని, ఓ మూలగా వేలు చూపించింది. అక్కడ ఖాళీ బిళ్ళ ఉంది. ఆకు సారం ఏమీ లేకుండా, ఆకుల్ని నానబెట్టడానికి వాడే సారాయి మాత్రమే పోసిన బిళ్ళ. దాని చుట్టూ కూడా అంతే వలయం. బిళ్ళలు సరిగా ఆరకముందే తొందరపడి పెట్టేసింది తూనీగ. బ్యాక్టీరియాను చంపింది ఆకు కాదు, ఆరని సారాయి.

"ముందు ఖాళీ బిళ్ళ చూడు. ఆ తర్వాత ఎగురు," అంది మేడమ్.

అప్పట్నుంచి అది అక్కడ కట్టుబాటు. ఖాళీ బిళ్ళ చూశానని చెప్పనిదే ఎవరూ నోరు విప్పకూడదు. తూనీగ ఆ కట్టుబాటును కోటుతో పాటు అక్కడే తగిలించి రాలేక ఇంటికి కూడా మోసుకొచ్చింది. కొత్త చెప్పులు వేసుకున్నాక నడుం నొప్పి పోయిందని బావగారు మురిసిపోతే, "మరి పాత చెప్పులతోనే ఉండి ఉంటే పోయేది కాదంటారా? ఖాళీ బిళ్ళ ఏది బావగారూ?" అని అడిగేది. ఆయన చెప్పుల కేసి అనుమానంగా చూసుకునేవాడు. తోడికోడలు పోపు గిన్నె మీద మూత పెడుతూ, "ఇంట్లో కూడా బిళ్ళలేనా తల్లీ, ప్రాణాలు తోడేస్తున్నావు," అని నవ్వేది.

ఆ తోడికోడలే ఈ కథకు మూలం. తూనీగ ఆమెను అక్కా అని పిలుస్తుంది. ఒకే ఇంట్లో కింద వాటా వాళ్లది, పైన వీళ్లది, డాబా మాత్రం అచ్చంగా అక్కది. అక్కడ కుండీల్లో ఆమె పెంచే మొక్కల్లో ఒకదాన్ని ఎర్రకాడ అంటుంది. ఎర్రటి కాడ, వేలెడేసి ఆకులు, నోట్లో వేసుకుంటే పళ్లు జివ్వుమనే పులుపు. ఆకుల్ని దంచి, నీళ్లు పోసి, రాగి చెంబులో మర్నాటి దాకా ఊరనిచ్చి, వడగట్టి సీసాలో పోసుకుంటుంది. వీధిలో ఎవరి మోచెయ్యి గీరుకుపోయినా ఆ సీసా పట్టుకుని ఆమె ప్రత్యక్షం.

ఒకనాడు అత్తగారి పిక్క గేటు ఇనపచువ్వకు గీరుకుంది. అక్క పూటపూటా ఆ రసంతో కడిగింది. పుండు మానలేదు సరికదా, అంచులు పచ్చిగా ఎర్రబడి సలపడం మొదలుపెట్టింది. ఆసుపత్రికి తీసుకెళ్తే మామూలు మందులకు లొంగని బ్యాక్టీరియా చేరిందన్నారు. ఏం రాశారని డాక్టరు అడిగాడు. అక్క చెప్పింది. "ఇక అది పెట్టకండి," అన్నాడాయన, కసిరినట్టు కూడా కాదు, మామూలుగానే. గట్టి ఇంజెక్షన్లు పడ్డాయి. పుండు ఎండింది. అత్తగారు మళ్లీ వీధి అరుగు దాకా నడిచి వెళ్లి, వచ్చేపోయేవాళ్లందరికీ తన పిక్క చూపించి గొప్పలు చెప్పుకోవడం కూడా మొదలుపెట్టింది.

ఎండనిది అక్కకే. ఎర్రకాడ కుండీల్ని నీళ్ల ట్యాంకు వెనక్కి, కంటపడని చోటికి నెట్టేసింది. కుండీలతో కబుర్లు చెప్పడం మానేసింది. ఎవరూ ఆమెను పల్లెత్తు మాట అనలేదు. అదే ఆమెకు భరించరానిదైంది.

ఒక పొద్దున బట్టలు ఆరేస్తూ, తీగ అవతల నుంచి, దుప్పటి చాటున ముఖం పెట్టుకుని అడిగింది. "నా చేత్తోనే పుండు ముదరబెట్టానా? అత్తయ్య నొప్పికి నేనే కారణమా? నీ పళ్లేల్లో అది తెలుస్తుందా?"

తూనీగకు సాధారణంగా జవాబు నాలుక చివరే ఉంటుంది. ఆ రోజు ముందు చేతిలోని తడి చొక్కా తీగ మీద వేసి, దానికి క్లిప్పు పెట్టింది. తర్వాత, తెలుస్తుందక్కా అంది. అన్నాక గానీ ఆమెకు తట్టలేదు, తెలియడమంటే ఏ వైపైనా తెలియవచ్చు మరి.

సీసాలో మిగిలిన రసం పట్టుకుని వెళ్లి మేడమ్‌కు విషయమంతా చెప్పింది. మేడమ్ విని, ఈ విడత మొక్కల్లో దీన్నీ చేర్చమంది. ముందు ఇంట్లో చేసిన రసమే పరీక్షిద్దాం, ఆ తర్వాత మన పద్ధతిలో తీసింది చూద్దాం అంది. మొండి బ్యాక్టీరియా మీద పనిచేస్తుందా అన్నది ఒక పరీక్ష, మనిషి కణాలకు హాని చేయకుండా ఉంటుందా అన్నది రెండోది. ఖాళీ బిళ్ళకు అక్క కుళాయి నీళ్లే తెచ్చింది తూనీగ. ఆకుల్ని దంచేది ఆ నీళ్లతోనే కదా.

మర్నాడు అలమర తెరిచి పళ్లెం కిటికీకేసి పట్టుకోగానే కాళ్లు నేల మీద నిలవలేదు. ఎర్రకాడ బిళ్ళ చుట్టూ ఇంత పెద్ద వలయం. ఒళ్లంతా కళ్లు చేసుకుని ఖాళీ బిళ్ళ చూసింది. దాని చుట్టూ పొగ అంచుల దాకా ఆనుకుని ఉంది. వలయం లేదు. నీళ్ల తప్పు లేదు. అప్పుడు మేడమ్ గదిలోకి వెళ్లిందో ఎగిరిందో ఆమెకే తెలియదు.

"ఖాళీ బిళ్ళ చూశాను మేడమ్."

"చూసినా కాస్త నేల మీద నడువు," అంది మేడమ్. కానీ పళ్లెం చూశాక ఆమె కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుంది. అది మేడమ్ ఎగరడం.

ఆ పూటంతా తూనీగ కనిపించిన ప్రతి వస్తువునూ ప్రేమించింది. నాళికలు కడిగే బ్రష్షునూ, అలవాటుగా మొరాయించే తూనిక యంత్రాన్నీ కూడా. ఆసుపత్రి మందులన్నిటినీ వెక్కిరించిన బ్యాక్టీరియాను డాబా మీది ఓ కుండీ ఆకు తరిమేసింది. అక్కకు ఫోను చేయబోయి, రెండో పరీక్ష గుర్తొచ్చి, ఆపుకుంది.

రెండో పరీక్షకు రక్తనిధి నుంచి వచ్చిన ఎర్రకణాలు వాడతారు. చిన్న గొట్టాల్లో కణాలతో రసం కలిపి, కాసేపు ఉంచి, యంత్రంలో గిరగిరా తిప్పి తీస్తారు. కణాలు క్షేమంగా ఉంటే అన్నీ అడుక్కు చేరి, పైన నీరు తేటగా నిలుస్తుంది. పగిలిపోతే వాటిలోని ఎరుపంతా బయటికొచ్చి గొట్టం నిండా పరుచుకుంటుంది.

యంత్రం మూత తీసింది. గొట్టాలు పైనుంచి కింది దాకా ఎర్రగా ఉన్నాయి.

రసం కలపని ఖాళీ గొట్టం చూసింది. దానిలో తేట నీరు అద్దంలా నిలిచి ఉంది. అంటే పరీక్షలో లోపం లేదు. రసమే కణాల్ని పగలగొట్టింది. బ్యాక్టీరియాను చంపిన చెయ్యే రక్తాన్నీ చంపింది. పచ్చి పుండు మీద పూటపూటా పోసింది దీన్నే. తూనీగ మొదటిసారిగా ఆ గదిలో ఓ కుర్చీ మీద కూర్చుంది. అటుగా వెళ్తున్న ఊడ్చే ఆమె చూసి, ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

ఇంటికొచ్చాక అక్క గుమ్మంలో తూనీగ ముఖం ఒక్కసారి చూసి, వంటగదిలోకి వెళ్లిపోయింది. ఇంకా పరీక్షలు కాలేదక్కా అని తూనీగ వెనకనుంచి చెప్పిన మాట ఆ గుమ్మం దగ్గరే పడి ఉండిపోయింది.

మిగిలింది ప్రయోగశాల పద్ధతి. తాజా ఆకులు కావాలంటే అక్క డాబా ఎక్కనంది. తూనీగే ట్యాంకు వెనక్కి వంగి, వాడుతున్న మొక్కలకు చెంబెడు నీళ్లు పోసి, ఆకులు కోసుకుని వెళ్లింది. పింగాణీ రోట్లో నూరి, సారాయి బదులు అక్క వాడే కుళాయి నీళ్లే అంతే పోసి, గాజు కుప్పెలో అంతసేపే ఊరబెట్టింది. వడగట్టి వెలుతురులో పెట్టి చూస్తే ఏదో తేడాగా అనిపించింది. అక్క సీసాలోని రసం లేత నీలాకుపచ్చ. ఇది పలచటి టీనీళ్ల రంగు. ముదురాకులు పడ్డాయేమో అనుకుని సరిపెట్టుకుంది.

పళ్లెంలో ఈసారి వలయం గోటి అంచంత. అది ఉందో లేదో అన్నట్టుంది. ఎర్రకణాల గొట్టాలు మాత్రం అన్నీ తేటగా ఉన్నాయి. ఆ తేట నీళ్లను చూసి సంతోషించాలో, ఆ వలయాన్ని చూసి ఏడవాలో ఆమెకు తెలియలేదు. అదే మొక్క, అవే నీళ్లు. మొన్న పులిలా ఉన్న ఆకు ఇవాళ పిల్లికూనలా ఎందుకుంది?

"ఏదో ఒకటి మారింది. అదేమిటో కనుక్కో," అంది మేడమ్. అంతకుమించి ఆమెకూ తెలియదు.

ఆలోచిస్తూ ఇంటికొచ్చిన తూనీగ మంచినీళ్ల కోసం కింద వాటా వంటగదిలోకి వెళ్లింది. గట్టు మీద ఎన్నాళ్లుగానో బోర్లించి ఉన్న రాగి చెంబును పక్కకు జరపబోయి, చేతిలోకి తీసుకుని, తిప్పి లోపలికి చూసింది. చెంబు బయటంతా మసకబారి గోధుమరంగులో ఉంది. లోపల మాత్రం అప్పుడే అంగట్లోంచి తెచ్చినట్టు గులాబీరంగులో ధగధగలాడుతోంది.

"అక్కా, ఈ చెంబు లోపల దేంతో తోముతావు?"

"లోపల తోమేదేముంది? ఆ ఆకు ఊరేస్తే దానంతటదే మెరుస్తుంది."

తూనీగ చెవుల్లో గంటలు మోగాయి. పులుపు రాగిని తినేస్తోంది. తిన్నదంతా రసంలోకి దిగుతోంది. ఆ నీలాకుపచ్చ ఆకుది కాదు. కుళాయి నీళ్లను ఖాళీ బిళ్ళలో పెట్టి, చూడాల్సిందంతా చూశానని ఎగిరింది తను. చెంబును చూడలేదు. అసలు ఖాళీ బిళ్ళ ఇంట్లో, ఈ గట్టు మీద, ఇన్నాళ్లూ బోర్లించి ఉంది.

చెంబును చీరకొంగులో చుట్టుకుని బయల్దేరబోతుంటే అక్క అడ్డం నిలబడింది. "ఎక్కడికే దాన్ని మోసుకుపోతున్నావు?"

"వలయం కోసం," అని ఊరుకుంది తూనీగ. అప్పుడే ఏమీ చెప్పదలుచుకోలేదు. ఎగరడానికి ఇంకా హక్కు రాలేదు.

మర్నాడు ఆ చెంబులో ఆకు ఒక్కటీ వేయలేదు. నీళ్లలో నిమ్మరసం పిండి, ఎర్రకాడంత పులుపు వచ్చేదాకా కలిపి ఊరబెట్టింది. అదే పుల్లనీళ్లు గాజు కుప్పెలో కూడా పెట్టింది. గాజులోవి రంగు మారలేదు, బ్యాక్టీరియానూ ఏమీ చేయలేదు, రక్తాన్నీ ఏమీ అనలేదు. చెంబులోవి నీలాకుపచ్చగా మారి, బిళ్ళ చుట్టూ ఇంత వలయం గీశాయి. ఎర్రకణాల గొట్టాన్ని పైనుంచి కింది దాకా ఎర్రగా చేశాయి. ఆకు లేకుండానే ఆకు చేసిందనుకున్నదంతా జరిగిపోయింది.

గొప్ప వలయం పోయింది నిజమే. మామూలుగా అయితే ఆమె కళ్లు నిండాల్సింది. కానీ ఆ ఫలితం తేలిన సాయంత్రం తూనీగ బస్సు కోసం ఆగలేదు. వీధులన్నీ దాటుకుంటూ, ఎదురొచ్చినవాళ్లకు దారివ్వడం కూడా మరిచిపోయి, దాదాపు పరిగెత్తింది. చెట్ల కింద దీపాలు అప్పుడే ఒక్కొక్కటీ కళ్లు తెరుస్తున్నాయి. తన దగ్గర ఒక తేట నీటి గొట్టమంత మాట ఉంది. అది చల్లారకముందే అక్క చేతిలో పెట్టాలి.

అక్క అత్తగారి కాలికి దిండు సర్దుతోంది.

"ఆకు కాదక్కా, చెంబు," అంది తూనీగ గుమ్మంలోంచే, ఊపిరి అందక. తర్వాత కూర్చుని అంతా విడమరిచి చెప్పింది. పులుపు రాగిని ఎలా కరిగించిందో, ఆ రాగి పచ్చి పుండుకు ఎంత మంట పెట్టి ఉంటుందో, గాజులో ఊరిన ఆకు రక్తకణాల్ని ఎలా ఏమీ అనలేదో. ఒక్కటి మాత్రం దాచలేదు. చెంబు రసం పుండును మాననివ్వకుండా చేసి ఉండవచ్చు. లేదని తను చెప్పలేనంది. బ్యాక్టీరియా మాత్రం రసంలోంచి వచ్చింది కాదు, బయటినుంచి చేరిందే.

అక్క దిండు అంచు మళ్లీ సర్దింది. "అయితే చేసింది నేనే కదా," అంది. "చెంబులో పోసింది నేనే కదా."

"చెంబు ఎవరు కొనిచ్చారు?"

అక్క తలెత్తింది. కిందటేడు ఆమె పెళ్లిరోజుకి, రాగి పాత్ర ఆరోగ్యమని ఊదరగొట్టి, ఆ చెంబు చేతిలో పెట్టింది తూనీగే. అంతకుముందు ఎర్రకాడ ఊరింది పింగాణీ గిన్నెలో. అప్పుడు వీధిలో ఎవరి మోచెయ్యీ మండలేదు.

మంచం మీద నుంచి అత్తగారు గొంతు సవరించుకుంది. "ఒకతి చెంబు తెచ్చింది, ఇంకొకతి ఆకు నూరింది. ఇద్దరూ కలిసి నా కాలు తీయబోయారన్నమాట. మీరు కలిస్తే ఎంతకైనా తగుదురని నాకు మొదట్నుంచీ తెలుసు."

మొదట నవ్వింది అక్కే. ఎన్నాళ్లో మూసి ఉంచిన కిటికీ తెరిచినట్టు, కీచుమంటూ, ఆగి ఆగి. తర్వాత కళ్లు తుడుచుకుని అడిగింది. "ఆకు మంచిదేనా మరి? దానికేమైనా సత్తువుందా, లేదా?"

"రక్తాన్ని ఏమీ అనలేదు. సత్తువ గోటంచంత. ఇక పుండ్ల మీద మాత్రం పెట్టొద్దు. ఈ పరీక్షలు చాలవు."

"పెట్టనులేవే," అంది అక్క. మర్నాడు పొద్దున్నే ట్యాంకు వెనక నుంచి కుండీలు ఎండలోకి వచ్చాయి.

గోటంచంత సత్తువ ఉన్న మొక్కలు మామూలుగా అక్కడితో ఆగిపోతాయి. వాటి సంచుల్ని కట్టి పక్కన పెడతారు. అయితే కట్టేముందు ఒక పరీక్ష మిగిలి ఉంటుంది. ఒకప్పుడు బాగా పనిచేసి, ఇప్పుడు ఈ బ్యాక్టీరియా ముందు చేతులెత్తేసిన పాత మందు ఒకటి ఉంది. పళ్లెంలో ఒకవైపు దాని బిళ్ళ, కాస్త ఎడంగా ఆకు బిళ్ళ, అవతల మూలన ఖాళీ బిళ్ళ పెడతారు. ఎక్కువసార్లు ఏమీ జరగదు. తూనీగ బిళ్ళల మధ్య ఎడాన్ని కొలిచి మరీ పెట్టింది.

పొద్దున్నే తలుపు తెరిచింది. పళ్లెం కిటికీకేసి ఎత్తింది. ముందు ఖాళీ బిళ్ళ చూసింది. పొగ. తర్వాత పాత మందు బిళ్ళ వెనకవైపు చూసింది. అక్కడా పొగ, బిళ్ళ అంచు దాకా నిక్కచ్చిగా. ఆకు బిళ్ళ చుట్టూ గోటంచు.

రెండు బిళ్ళల మధ్య పొగ లేదు.

ఒకదాని కేసి ఒకటి చేతులు చాచినట్టు, ఆ రెండిటి నడుమ తేటగా ఓ వంతెన. ఒంటరిగా ఓడిపోయిన మందు, ఒంటరిగా నీరసించిన ఆకు, ఒకదానికొకటి ఎదురైన చోట మాత్రం మొండి బ్యాక్టీరియాను అడుగు పెట్టనివ్వలేదు. ఆ కొద్దిపాటి చోటులోంచి కిటికీ అవతలి ఆకాశం నీలంగా కనిపించింది.

తూనీగ కేక వేయలేదు. ఎగరలేదు. పళ్లెం రెండు చేతులతో పట్టుకుని, మేడమ్ గది దాకా నేల మీద నడిచి వెళ్లింది. మేడమ్ చూసింది. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుంది. అక్కడితో ఆగక, కుర్చీలోంచి లేచి, "ఇంకోసారి పెట్టు, ఇవాళే పెట్టు, ఎన్ని పళ్లేలు కావాలంటే అన్ని తీసుకో," అంటూ తనే అలమర వైపు నడిచింది, కోటు అంచులు వెనక లేస్తుండగా. మళ్లీ పెట్టినప్పుడూ వంతెన వచ్చింది. గాజులో ఊరిన మరో కోత ఆకుతోనూ వచ్చింది. ఆకు, మందు కలిపి పోసిన గొట్టాల్లో ఎర్రకణాలు హాయిగా అడుక్కు చేరి పడుకున్నాయి. ఇంకా పోవాల్సిన దూరం చాలా ఉందని, పళ్లెంలో గెలిచింది మనిషి ఒంట్లో గెలవాలంటే ఏళ్లు పట్టవచ్చని మేడమ్ గుర్తుచేస్తూనే ఉంది. ఆమె గొంతులో మాత్రం ఆ ఏళ్ల కోసం తొందర వినిపించింది.

మేడమ్ ఒప్పుకున్నాక, ఒక మధ్యాహ్నం తూనీగ అక్కను తీసుకొచ్చింది. బయటివాళ్లు లోపలికి రాకూడదు కాబట్టి నడవాలో, పెద్ద అద్దం ఇవతల నిలబెట్టింది. అక్క ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిసంచీ రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, ఆసుపత్రిలో ఎవరినో చూడటానికి వచ్చినట్టు నిలబడింది. తూనీగ లోపలికి వెళ్లి, మూత బిగించిన పళ్లేన్ని అద్దానికి ఆనించి పట్టుకుంది. వెనక నుంచి కిటికీ వెలుతురు పడి పళ్లెం వెలిగింది. రెండు బిళ్ళలూ, మధ్యన వంతెనా స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఇదే నీ ఎర్రకాడ అని వేలితో చూపించబోయింది.

అక్క ఆ వేలిని చూడలేదు. సంచీ చంకకు తగిలించుకుని, ముక్కు అద్దానికి తాకేంత దగ్గరికి వంగి, పళ్లెమంతా ఓసారి తేరిపార చూసింది. అద్దం మీద ఆమె ఊపిరి చిన్న మబ్బులా కట్టింది. కొంగుతో దాన్ని తుడిచి, అద్దం మీద వేలితో కొట్టింది.

"అదంతా తర్వాత చూస్తాను," అంది. "ముందు ఖాళీ బిళ్ళ ఏదో చూపించవే."